వకీలుకు వకాల్తా ఎవరు?

వకీలు అన్న మాట మన ఇండ్లలో ఎవరికీ కొత్తది కాదు. ఉర్దూ అక్షరం ముక్క రాని తెలుగు రైతు కూడా కోర్టు మెట్టెక్కగానే సగం అరబ్బీ, సగం ఫార్సీ మాట్లాడుతాడు. అర్జీ, ఫిర్యాదు, ముద్దాయి, జామీను, వాయిదా, హాజరు, దస్తావేజు... ఇవన్నీ నవాబుల కాలపు కచేరీల నుంచి వచ్చి మన నాలుకల మీద స్థిరపడిపోయిన మాటలే. వాటిలో వకీలు అన్న మాటకు ఒక ప్రత్యేక గౌరవం ఉన్నది. తన పని తాను చేసుకోలేని మనిషి నమ్మకంతో దానిని మరొకరికి అప్పగిస్తే, ఆ అప్పగింతను పుచ్చుకొన్నవాడు వకీలు. నికాహ్ వేళ పెండ్లికూతురు దగ్గరికి వెళ్ళి ఆమె సమ్మతి తెచ్చి మజ్లిస్‌లో వినిపించేవానిని కూడా మనం వకీలనే అంటాము. అల్లాహ్ శుభనామాలలో ‘అల్ వకీల్’ ఒకటన్న సంగతి మదర్సాలో చేరిన చిన్న పిల్లవానికీ తెలుసు.

నికాహ్ వకీలు మీద ఎవరూ చేయి చేసుకోరు. షర్బత్ ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకొంటారు. కోర్టు వకీలు సంగతి అట్లా లేదు. ముఖ్యంగా బలహీనుని పక్షాన, పోలీసు స్టేషన్‌లో దెబ్బలు తిన్నవాని పక్షాన, భూమి పోగొట్టుకొన్నవాని పక్షాన నిలబడిన వకీలును మన దేశంలో బెదిరిస్తున్నారు, కొడుతున్నారు, నడిరోడ్డు మీద నరుకుతున్నారు. దీనిని గూర్చి దూర దేశాల ఉదాహరణలు వెదకవలసిన పని హుస్నాబాద్‌లో ఉండే మాకు లేదు. కరీంనగర్ మీదుగా సుమారు వంద కిలోమీటర్లు వెళితే మంథని వస్తుంది. 2016లో జిల్లాలు విడదీసిన తరువాత హుస్నాబాద్ సిద్దిపేటలోకి, మంథని పెద్దపల్లిలోకి పోయినవి గాని, అంతకుముందు తరతరాలుగా రెండూ ఒక్క కరీంనగర్ జిల్లాయే.

2021 ఫిబ్రవరి 17. గట్టు వామన్‌రావు, ఆయన భార్య పి.వి. నాగమణి ఇద్దరూ హైకోర్టు న్యాయవాదులు. స్వగ్రామం మంథని మండలంలోని గుంజపడుగు. ఆనాడు మంథని కోర్టులో పని చూసుకొని కారులో హైదరాబాదుకు తిరుగు ప్రయాణమయ్యారు. రామగిరి మండలం కల్వచర్ల దగ్గర మధ్యాహ్నపు వెలుతురులో, పది మంది చూస్తుండగా, కారును అడ్డగించి ఇద్దరినీ కత్తులతో నరికినారు. ఆ దారిన వచ్చిన ఆర్టీసీ బస్సులు ఆగినవి. వాహనాలు ఆగినవి. కొందరు సెల్‌ఫోన్లు తీసి వీడియో తీశారు. రక్తపు మడుగులో పడి ఉన్న వామన్‌రావు, తమ మీద దాడి చేసింది ఎవరని అడిగినవారికి పేరు చెప్పినాడు. ఆ మాట ఫోనులో రికార్డయింది. ఆ రోజు రాత్రికే తెలుగువారు ఉన్న ప్రతి చోటికీ ఆ వీడియో చేరిపోయింది.

ఫోను పట్టుకొని నిలబడ్డవారిని అప్పట్లో చాలామంది తిట్టినారు. కాపాడక వీడియో తీస్తారా అన్నారు. మేము ఆ తిట్లలో పూర్తిగా పాలు పంచుకోలేము. కత్తి పట్టినవాని ముందుకు ఉత్త చేతులతో వెళ్ళే ధైర్యం అందరికీ ఉండదు. కాని ఆ ఫోను అక్కడ లేకపోతే వామన్‌రావు ఆఖరి మాట ఆ రోడ్డు దుమ్ములోనే కలిసిపోయేది. నాలుగేండ్ల తరువాత సుప్రీంకోర్టులో కూడా ఆ వీడియో మీద చర్చ జరిగింది.

మమ్మల్ని ఎక్కువగా కలచివేసేది ఆ మధ్యాహ్నం ఒక్కటే కాదు, దానికి ముందు గడిచిన నెలలు. 2020 మే నెలలో మంథని పోలీసు స్టేషన్‌లో ఒక నిందితుడు చనిపోయినాడు. ఉరి వేసుకొన్నాడని పోలీసులు చెప్పినారు. దానిని నమ్మని నాగమణి హైకోర్టును ఆశ్రయించింది. హైకోర్టు విచారణకు ఆదేశించింది. ఆ కేసు వేసిన నాటి నుంచి తమను వేధిస్తున్నారని ఆ దంపతులు న్యాయస్థానానికే విన్నవించుకొన్నారు. అంటే తమకు ముప్పు ఉన్నదన్న సంగతి వారు దాచుకోలేదు. వ్రాతమూలకంగా చెప్పినారు. చెప్పవలసిన చోటనే చెప్పినారు. హత్యకు కారణం ఊరి గొడవలని, గుడి తగాదా, ఇంటి నిర్మాణం తగాదా అని పోలీసులు తరువాత అన్నారు. అప్పటి పాలక పార్టీ మండల అధ్యక్షునితో సహా పలువురిని అరెస్టు చేశారు. ఆ పార్టీ అతనిని సస్పెండ్ చేసింది. హత్య జరిగిన మరునాడే హైకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టింది. రాష్ట్రమంతటా న్యాయవాదులు కోర్టులు బహిష్కరించినారు. వామన్‌రావు తండ్రి మాత్రం ఆ దర్యాప్తుతో తృప్తి పడక సుప్రీంకోర్టు దాకా వెళ్ళినాడు. 2025 ఆగస్టు 12న సుప్రీంకోర్టు ఈ కేసును సీబీఐకి అప్పగించింది. కొడుకును, కోడలును పోగొట్టుకొన్న ఒక ముసలి తండ్రికి దర్యాప్తు మారడానికే నాలుగున్నర ఏండ్లు పట్టింది.

నేరం ఎవరు చేశారన్నది న్యాయస్థానం తేల్చవలసిన సంగతి. అందులో మేము తలదూర్చము. మా ప్రశ్న వేరు. బెదిరింపు వచ్చిన నాటికీ కత్తి దిగిన నాటికీ మధ్య అన్ని రోజులు ఉన్నప్పుడు, ఆ రోజులలో ఎవరు ఏం చేశారు?

పాత కరీంనగర్ గాయం

ఈ ప్రశ్న మా ప్రాంతంలో 2021లో పుట్టింది కాదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన నాటి నుంచి పాత కరీంనగర్‌లో ఒక తరం మొత్తం రాత్రి తలుపు చప్పుడుకు ఉలిక్కిపడుతూ పెరిగింది. ఒక వైపు దొరల గడీలు, ఒక వైపు రైతుకూలీ సంఘాలు, ఒక వైపు అడవిలో తుపాకులు, ఒక వైపు క్యాంపులలో తుపాకులు. అట్లాంటి రోజులలో, పట్టుకుపోయినవానిని కోర్టులో చూపించండి అని అడగడమే పెద్ద నేరమైపోయింది. అడిగినవారు పౌరహక్కుల సంఘం వారు. వారిలో చాలామంది వకీళ్ళు.

1985లో జగిత్యాల న్యాయవాది గోపి రాజన్నను చంపినారు. అదే సంవత్సరం సెప్టెంబరు 3న వరంగల్లులో పిల్లల డాక్టరు రామనాథం గారిని ఆయన దవాఖానలోనే కాల్చి చంపినారు. నక్సలైట్ల చేతిలో హతుడైన ఒక ఎస్ఐ అంతిమయాత్ర సాగుతుండగా, ఆ ఊరేగింపులోనివారే ఈ పని చేశారు. జ్వరంతో వచ్చిన పసిపిల్లలకు మందులిచ్చే చేయి అది. మరుసటి సంవత్సరం కరీంనగర్‌లో జాపా లక్ష్మారెడ్డి. 1991 డిసెంబరులో వరంగల్లు న్యాయవాది నర్రా ప్రభాకర్‌రెడ్డి. 2000 నవంబరులో హైదరాబాదులో పురుషోత్తం. 2001 ఫిబ్రవరిలో నల్గొండలో ఆజం అలీ. వీరందరూ ఒకే సంఘంలో పనిచేసినవారు. ఆ తరువాత ‘టైగర్లు’, ‘కోబ్రాలు’ అని పేర్లు పెట్టుకొన్న ముఠాలు హక్కుల కార్యకర్తలను బెదిరిస్తూ పత్రికలకు ప్రకటనలు పంపడం కూడా మనం చూశాము. ఉత్తరం మీద పులి పేరు, పాము పేరు. మనిషి పేరు మాత్రం ఉండదు.

పాఠక సోదరులారా, ఆజం అలీ పేరు మన పిల్లలలో ఎంతమందికి తెలుసు? అతను మన పేరు పెట్టుకొన్నవాడే. కాని అతను పోరాడింది మన మొహల్లా కోసం మాత్రమే కాదు. ఏ మతంవాడైనా సరే, చట్టం దాటి చంపడానికి వీలు లేదన్న ఒక్క మాట కోసం. తెలుగువాడైన ఏ మజ్లూమ్ తలుపు తట్టినా తీసేవారిలో అతనొకడు. రాజన్న, ప్రభాకర్‌రెడ్డి వంటివారు కూడా తలుపు తట్టినవాని పేరు అడిగి తలుపు తీసినవారు కారు.

ఈ బరువును ఎక్కువ కాలం మోసినవారు కె.జి. కన్నబిరాన్ గారు. ఎమర్జెన్సీ కాలపు ఎన్‌కౌంటర్ల మీద 1977లో వేసిన జస్టిస్ భార్గవ కమిషన్ ముందు నిలబడి వాదించింది ఆయనే. 1978 నుంచి సుమారు పదిహేనేండ్లు పౌరహక్కుల సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. 2010 డిసెంబరులో మరణించేదాకా ఆ నల్లకోటు దించలేదు. లెక్కల శాస్త్రవేత్త బాలగోపాల్ గారిని 1989లో అపహరించుకొనిపోయినారు. బతికి బయటపడి తరువాత ఆయన కూడా వకీలే అయినారు. ప్రభుత్వ హింసను అడిగినట్లే ఉద్యమాల హింసను కూడా అడగాలన్న పట్టుదలతో 1998లో ఆయనా, మరికొందరూ వేరుపడి మానవహక్కుల వేదికను స్థాపించినారు. ఇరువైపుల నుంచి తిట్లు తినడానికి సిద్ధపడ్డ మనిషి. అట్లాంటివాని మాట మీద మాకు నమ్మకం ఎక్కువ.

కేసు వేరు, వకీలు వేరు

వకీళ్ళంతా ఔలియాలని మేము అనడం లేదు. వాయిదాల మీద వాయిదాలు తీసుకొని రైతు చెప్పులు అరిగేట్లు తిప్పినవారిని మేమూ చూశాము. ఫీజు విషయంలో కనికరం లేనివారూ ఉన్నారు. కాని ఇక్కడ మాట అది కాదు. ఒక వకీలు మీద కత్తి ఎత్తేవాడు ఫీజు ఎక్కువైందని ఎత్తడు. ఫలానావాని కేసు పట్టినాడని ఎత్తుతాడు. కేసు పట్టినవాడూ కేసులో ఉన్నవాడూ ఒకటేనన్న తప్పుడు లెక్క అందులో ఉన్నది. దొంగ తరఫున వాదిస్తే దొంగ, నక్సలైటు తరఫున వాదిస్తే నక్సలైటు, మన పిల్లవాని తరఫున వాదిస్తే టెర్రరిస్టు.

ఈ మూడవ మాట మనకు బాగా తగిలిన మాట. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. నమాజుకు వెళ్ళినవారు చనిపోయినారు. ఆ తరువాత హైదరాబాదులో మన యువకులనే పట్టుకుపోయినారు. వారిలో ఎందరో తరువాత నిర్దోషులుగా బయటికి వచ్చినారు. కోర్టులో వారి పక్కన నిలబడిన నల్లకోట్లు లేకపోతే ఆ తల్లుల గతి ఏమయ్యేది? అదే కాలంలో ఉత్తరప్రదేశ్‌లో కొన్ని బార్ అసోసియేషన్లు ఇట్లాంటి నిందితుల కేసులు ఎవరూ వాదించరాదని తీర్మానాలు చేసినవి. ఆ తీర్మానాన్ని లెక్కచేయని న్యాయవాది ముహమ్మద్ షుఐబ్ గారిని 2008 ఆగస్టులో లక్నో కోర్టు ఆవరణలోనే తోటి న్యాయవాదులే కొట్టినారు.

బొంబాయిలో షాహిద్ ఆజ్మీ కథ చాలామంది వినే ఉంటారు. 2013లో దాని మీద ఒక హిందీ సినిమా కూడా వచ్చింది. చిన్న వయసులోనే టాడా కేసులో జైలుకు వెళ్ళినాడు. అక్కడే చదువు సాగించినాడు. బయటికి వచ్చి న్యాయశాస్త్రం చదివి, తనవంటి కుర్రవాళ్ళ కేసులు పట్టినాడు. ఏడేండ్ల ప్రాక్టీసులోనే ఎందరినో నిర్దోషులుగా విడిపించినాడు. 2010 ఫిబ్రవరి 11న కుర్లాలోని ఆయన ఆఫీసుకు క్లయింట్ల మాదిరిగా వచ్చి కాల్చి చంపినారు. అప్పటికి ఆయనకు ముప్పై మూడేండ్లు కూడా నిండలేదు. బొంబాయి దాడుల కేసులో నిందితుడైన ఫహీమ్ అన్సారీ తరఫున వాదిస్తున్న రోజులవి. ఆ ఫహీమ్‌ను ఆ సంవత్సరం మే నెలలో కింది కోర్టు, 2011లో హైకోర్టు, 2012 ఆగస్టులో సుప్రీంకోర్టు వరుసగా నిర్దోషి అన్నవి. తీర్పు వినడానికి వకీలు లేడు.

బార్ అసోసియేషన్ల తీర్మానాల సంగతి సుప్రీంకోర్టు 2010 డిసెంబరు 6న తేల్చివేసింది. ఫలానా నిందితుని కేసు పట్టరాదని ఏ బార్ అసోసియేషన్ తీర్మానించినా అది చెల్లదు, రాజ్యాంగానికీ వృత్తిధర్మానికీ విరుద్ధం అన్నది. ఇందులో మన పాఠకులు గమనించవలసిన తమాషా ఒకటి ఉన్నది. ఆ తీర్పు టెర్రరిస్టు కేసులో రాలేదు. కోయంబత్తూరులో పోలీసులకూ ఒక న్యాయవాదికీ గొడవ జరిగితే, నిందితులైన పోలీసుల తరఫున ఎవరూ వాదించరాదని అక్కడి న్యాయవాదులు తీర్మానించినారు. దాని మీద వచ్చిన తీర్పు ఇది. అంటే ఈ రక్షణ పోలీసుకు కూడా దక్కింది. నచ్చినవానికి ఒక వకీలు, నచ్చనివానికి గోడ అన్న న్యాయం లోకంలో ఎక్కడా నిలబడదు.

మన ఇంటి సంగతి కూడా

ఇంతవరకు చదివిన సోదరులు తల ఊపి ఉంటారు. ఇక చెప్పబోయేది కొంచెం చేదు.

పాకిస్తాన్‌లోని ముల్తాన్‌లో రాషిద్ రెహ్మాన్ అనే న్యాయవాది ఉండేవారు. అక్కడి మానవహక్కుల కమిషన్‌లో పనిచేసినవారు. దైవదూషణ ఆరోపణ మీద జైలులో పడిన ఒక యువ అధ్యాపకుని కేసును పట్టుకోవడానికి మరెవరూ ముందుకు రాని వేళ ఆయన పట్టినారు. 2014 ఏప్రిల్‌లో విచారణ జరుగుతుండగా, న్యాయమూర్తి ఎదుటనే, నువ్వు వచ్చే వాయిదాకు రావు అని ఆయనను బెదిరించినారు. ఆ సంగతి కమిషన్ లోకానికంతా చాటింది. రక్షణ కావాలని కోరింది. మే 7న ఆయన ఆఫీసులోకి వచ్చి కాల్చి చంపినారు. చంపబడినవాడు ముస్లిం. చంపినవారూ ముస్లింలమనే చెప్పుకొంటారు. పైగా దీన్ పేరు పెట్టుకొన్నారు. షాహిద్ ఆజ్మీకి కంటనీరు పెట్టుకొని, రాషిద్ రెహ్మాన్ పేరు రాగానే ‘అది వేరే విషయం’ అనేవారు మనలో ఉన్నారు. మాకు ఆ తేడా ఏమిటో ఎంత ఆలోచించినా బోధపడలేదు. నిందితుడు దోషియా కాదా అని చూసేది ఖాజీ. అతని మాట ఖాజీ దాకా తీసుకుపోయేవాడు వకీలు. మాట చేరకముందే దారిలో కొట్టి చంపితే అది ఇన్సాఫ్ ఎట్లా అవుతుంది?

ముల్తాన్ దూరం అనుకోవద్దు. కొన్నేండ్ల కింద మా దగ్గర ఒక పంచాయితీకి పెద్దలతో పాటు మమ్మల్ని కూడా పిలిచినారు. తలాక్ అయిన అమ్మాయి భరణం కోసం కోర్టుకు వెళ్ళింది. ఆమె తరఫు వకీలు నోటీసు పంపినాడు. అబ్బాయి మేనమామ ఒకడు, బలిసినవాడు, అందరి ముందరే ‘ఆ వకీలుగాడు ఏ బండి మీద వస్తడో, ఏ టైముకు పోతడో మాకెరికె’ అన్నాడు. సభలో సగం మంది నవ్వినారు. నోటీసులో తప్పుంటే జవాబు ఇవ్వాలి. భరణం ఎక్కువడిగితే లెక్క చూపాలి. బండి నంబరుతో పనేమిటి? పెద్దవారు ఒకరు లేచి, ఆ మాట వెనక్కి తీసుకొనేదాకా పంచాయితీ నడవదన్నారు. తీసుకొన్నాడు. బెదిరింపు ఎప్పుడూ ఇట్లాగే, నవ్వులాటగా మొదలవుతుంది. వినేవారి నవ్వే దానికి బలం.

నబీ కరీం (స) గారి నుబువ్వత్‌కు పూర్వం మక్కాలో జరిగిన ఒక ఒప్పందాన్ని సీరత్ గ్రంథాలు ‘హిల్ఫుల్ ఫుజూల్’ అని చెబుతాయి. యమన్ దేశపు జుబైద్ తెగ వర్తకుడొకడు మక్కాకు సరుకు తెచ్చినాడు. ఊరిలో పలుకుబడి గల ఆస్ బిన్ వాయిల్ సరుకు పుచ్చుకొని సొమ్ము ఎగవేసినాడు. పరదేశికి దిక్కెవరు? అతను అబూ ఖుబైస్ కొండ ఎక్కి కేకలు పెట్టినాడు. అప్పుడు కొన్ని వంశాలవారు అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట్లో కూర్చొని, మక్కాలో అన్యాయానికి గురైనవాడు స్థానికుడైనా పరదేశి అయినా, అతని హక్కు అతనికి చేరేవరకు అందరం ఒకటిగా నిలబడతామని ప్రమాణం చేశారు. ఆ ప్రమాణంలో యువకుడైన నబీ (స) గారు కూడా ఉన్నారు. ఇస్లాం వచ్చిన తరువాత కూడా అట్లాంటి ఒప్పందానికి పిలిస్తే వస్తానన్నారు.

ఆ ఒప్పందంలో ఉన్నవారెవరూ అప్పటికి ముస్లింలు కారు. అయినా నబీ (స) గారు దానిని కాదనలేదు. వామన్‌రావు, నాగమణి, రాజన్న, ప్రభాకర్‌రెడ్డిల కోసం మనమెందుకు మాట్లాడాలని అడిగే సోదరులు ఈ సంగతిని మరొకసారి చదువుకోవాలి. ఇంకొక ముక్క కూడా సీరత్‌లో ఉన్నది. చాలా కాలం తరువాత మదీనాలో హజ్రత్ ఇమామ్ హుసైన్ (ర) గారికీ అక్కడి అధికారి వలీద్‌కూ ఒక ఆస్తి విషయంలో తగవు వచ్చింది. న్యాయం చేయకపోతే మస్జిద్‌లో నిలబడి హిల్ఫుల్ ఫుజూల్ పేరుతో పిలుపు ఇస్తానన్నారు హుసైన్ (ర). ఆయన పిలిస్తే మేమూ వస్తామని ఒకరి తరువాత ఒకరు అన్నారు. వలీద్ దిగివచ్చి హక్కు ఇచ్చివేసినాడు. ఒక్క కత్తి లేవలేదు. ఈ మనిషి ఒంటరి కాడన్న కబురు చేరింది, అంతే.

కాగితం మీద ఉన్న రక్షణ

1990లో హవానాలో జరిగిన ఐక్యరాజ్యసమితి మహాసభ న్యాయవాదుల పాత్రను గూర్చి కొన్ని మౌలిక సూత్రాలను ఆమోదించింది. వకీలును అతని క్లయింటుతోనో, క్లయింటు వాదంతోనో ఒకటిగా చూడరాదని, వృత్తి మూలంగా ప్రాణానికి ముప్పు వస్తే ప్రభుత్వమే తగిన రక్షణ ఇవ్వాలని అందులో ఉన్నది. అవి సూత్రాలే గాని చట్టం కాదు. యూరపు దేశాల మండలి 2025 మార్చిలో న్యాయవాదుల రక్షణ కోసమే ఒక ఒడంబడికను ఆమోదించింది. ఇట్లాంటిది లోకంలో ఇదే మొదటిది. మన దేశంలో వామన్‌రావు దంపతుల హత్య జరిగిన కొన్ని నెలలకు, 2021లోనే, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కమిటీ ఒక రక్షణ బిల్లు ముసాయిదాను తయారు చేసింది. 2023లో రాజస్థాన్ మొదటగా, తరువాత కర్ణాటక, న్యాయవాదుల మీద హింసను అరికట్టే చట్టాలు తెచ్చుకొన్నవి.

ఏ రాష్ట్రం చేసే చట్టమైనా కోర్టు గేటు దగ్గర ఆగిపోతే మాత్రం లాభం లేదు. కల్వచర్ల కోర్టు ఆవరణ కాదు. షాహిద్ ఆజ్మీ ఆఫీసు కోర్టు ఆవరణ కాదు. ప్రభాకర్‌రెడ్డిని చంపింది ఆయన ఇంటి దగ్గర. వకీలు ఎక్కడ ఉంటే అక్కడికి రక్షణ రావాలి. ఫిర్యాదు అందిన తరువాత ఇన్ని రోజులలో నిర్ణయం చెప్పాలన్న గడువు ఉండాలి. ముప్పు పోలీసుల నుంచే అని వకీలు అంటున్నప్పుడు, ముప్పు ఉన్నదా లేదా అని తేల్చే పనిని ఆ పోలీసు స్టేషన్‌కే అప్పగించడం తోడేలును గొర్రెల లెక్క అడిగినట్లుంటుంది. జిల్లా జడ్జి వంటి వేరొక అధికారి చూడాలి.

ఉన్న చట్టాన్ని వాడుకోవడం కూడా మనవారికి తెలియడం లేదు. బెదిరించడం భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ కింద నేరమే. రెండేండ్ల దాకా శిక్ష, చంపుతామని బెదిరిస్తే ఏడేండ్ల దాకా. మీ కేసు పట్టిన వకీలుకు బెదిరింపు వస్తే, అది మీ కేసు మూలంగా వచ్చిందని చెప్పగల మొదటి సాక్షి మీరే. ఆయన మొగమాటానికో, భయానికో ఊరకుంటే మీరు ఊరకుండవద్దు. ఏ రోజు, ఏ వేళ, ఏ నంబరు నుంచి, ఏ మాట అన్నారో ఆ రోజే కాగితం మీద పెట్టండి. ఒక ప్రతి పోలీసులకు, ఒకటి బార్ అసోసియేషన్‌కు, ఒకటి జిల్లా జడ్జి గారికి. హక్కుల కార్యకర్తల ఫిర్యాదుల కోసం జాతీయ మానవహక్కుల కమిషన్‌లో ప్రత్యేకంగా ఒక విభాగమున్నది. అక్కడికీ పంపవచ్చు. కాగితంతో కత్తి ఆగుతుందా అంటే ఆగదు. వామన్‌రావు దంపతులూ కాగితం పెట్టినారు. అందుకే కాగితం పెట్టినవాని వెనుక ఊరు కనబడాలంటున్నాము. వకీలు సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు ఇద్దరు తోడు పోవడానికి ఏ చట్టమూ అక్కరలేదు.

మా దగ్గర ఉర్దూ చదువుకొన్న అమ్మాయి ఒకతె, ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకొన్నది. లా చదువుతానంటుంది. ఒక జుమా నమాజు అయిన తరువాత తండ్రి మా దగ్గరికి వచ్చి, ‘మౌల్వీ సాబ్, బిడ్డకు మీరన్న జెర చెప్పున్రి. నాగమణి మేడమ్‌ను ఎట్ల చంపిన్రో టీవీల చూస్తిమి గద. ఆడపిల్లను ఆ లైన్ల ఎట్ల పంపాలె?’ అన్నాడు. బిడ్డను ప్రాణంగా పెంచుకొన్న మనిషి. ఆయన భయాన్ని తీసిపారవేయలేము. మేము ఒక్కటే అడిగినాము. రేపు మీ ఇంటికి కష్టం వస్తే ఎవరి బిడ్డ వచ్చి కోర్టులో నిలబడాలె అని. ఆయన చాలాసేపు చెప్పులు వెతుక్కొన్నాడు. ఇంకా ఏ సంగతీ తేలలేదు.

కల్వచర్ల విషయంలో మిగిలిన పని ఒకటున్నది. ఆ మధ్యాహ్నం బస్సులలో ఉన్నవారు, బండ్లు ఆపినవారు, ఫోను తీసినవారు అక్కడక్కడి ఊళ్ళవారే. పెద్దపల్లివారు, మంథనివారు, గోదావరిఖనివారు. వారిలో మన సోదరులు, సోదరీమణులు కూడా ఉండి ఉండవచ్చు. దర్యాప్తు చేతులు మారిన తరువాత పాత సాక్షులను మళ్ళీ పిలవవచ్చు. కొత్తవారినీ పిలవవచ్చు. వకీళ్ళకు లేని రక్షణ ఒకటి సాక్షులకు ఉన్నది. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద, జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి అర్జీ పెట్టుకొంటే, ముప్పును బట్టి పోలీసు కాపలా మొదలుకొని పేరు గోప్యంగా ఉంచడం దాకా ఏర్పాటు చేస్తారు. మీకు ఆ రోజు ఏమి కనబడిందో, ఎంత కనబడిందో, అంతే చెప్పండి. కబురు వస్తే వెళ్ళండి.